ఇంటి వీడియోల ఎడిటింగ్: గైడ్‌బుక్ పక్కన పెట్టుకుని డావిన్చీ రిజాల్వ్ నేర్చుకోవడం ఎలా?

ఎడిటింగ్ నేర్చుకుందామని కూర్చున్నవాళ్లలో చాలామంది యూట్యూబ్‌లో మొదలుపెట్టి యూట్యూబ్‌లోనే ఆగిపోతారు. ఒక వీడియోలో టైటిల్ ఎగిరొచ్చే చిట్కా చూస్తారు, ఇంకోదాంట్లో రంగులు మార్చే చిట్కా చూస్తారు. తీరా బారసాల రోజు తీసిన రెండు గంటల ఫుటేజ్ ముందేసుకుని కూర్చుంటే మొదట ఏం చేయాలో తోచదు. చిట్కాలు తెలిశాయి గానీ పని వరస తెలియలేదు. ఆ వరస నేర్పేది గైడ్‌బుక్.

అలాగని గైడ్‌బుక్‌ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేసినా ఏమీ రాదు. ప్రతి పాఠాన్నీ రెండుసార్లు చేయాలి. ఒకసారి పుస్తకం ఇచ్చిన ఫైళ్లతో, మళ్లీ అదే వారంలో మీ ఇంటి వీడియోలతో. ఈ రెండోసారి చేయడాన్ని వదిలేస్తే పుస్తకం పూర్తవుతుంది, ఎడిటింగ్ మాత్రం రాదు. కింద చెప్పేదంతా ఆ రెండోసారిని దృష్టిలో పెట్టుకుని చెప్పిందే.

ఏ సాఫ్ట్‌వేర్, ఏ పుస్తకం

ఇంట్లో నేర్చుకునేవాళ్లకు నేను డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌నే సూచిస్తాను. మొదట్లో ఇది సినిమాలకు రంగులు సరిచేసే ఖరీదైన స్టూడియో యంత్రం. దాన్ని తయారుచేసిన డావిన్చీ సిస్టమ్స్‌ను 2009లో ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ కొనుక్కుంది. ఆ తర్వాతే ఇది మామూలు కంప్యూటర్లకు, ఉచితంగా కూడా వచ్చింది. డబ్బు కట్టిన వెర్షన్‌కే ఉన్న ఎఫెక్టులు వాడనంతవరకు ఉచిత వెర్షన్‌లో వీడియో మీద వాటర్‌మార్క్ పడదు, ఇన్ని రోజులే అన్న గడువు లేదు. 4కే అల్ట్రా హెచ్‌డీ దాకా, సెకనుకు 60 ఫ్రేముల దాకా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ఇంటి వీడియోలకు ఇంతకు మించి అక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద కారణం పుస్తకం. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఆ కంపెనీయే పాఠ్యపుస్తకం రాయించి, తన వెబ్‌సైట్‌లోని ట్రైనింగ్ పేజీలో పీడీఎఫ్‌గా ఉచితంగా పెట్టింది. పుస్తకంతో పాటు సాధనకు కావలసిన వీడియో క్లిప్పులూ, ఆడియో ఫైళ్లూ ఇస్తుంది. వాటిని లెసన్ ఫైళ్లు అంటారు. పుస్తకం దింపుకుని లెసన్ ఫైళ్లు వదిలేయకండి. పాఠంలో ‘ఈ క్లిప్‌లో ఈ మాట దగ్గర ఆపండి’ అన్నప్పుడు ఆ క్లిప్ మీ ముందు లేకపోతే ఆ పేజీ చదివీ లాభం లేదు.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. పేరు పక్కన స్టూడియో అని ఉన్నది డబ్బు కట్టి కొనేది, అది లేనిదే ఉచితం. రెండోది వెర్షన్ నంబరు. పుస్తకం అట్ట మీద ఏ నంబరు ఉందో సాఫ్ట్‌వేర్ కూడా అదే వేసుకోండి. పాత వెర్షన్లు కంపెనీ సపోర్ట్ పేజీలో దొరుకుతాయి. నంబర్లు వేరైతే పుస్తకంలో ఉన్న బటన్ మీ స్క్రీన్ మీద ఇంకోచోట ఉంటుంది. మొదటి పాఠంలోనే టెన్షన్ మొదలై, తప్పు మీదేననిపిస్తుంది. పుస్తకం పూర్తయ్యేదాకా అప్‌డేట్ జోలికి వెళ్లకండి. కొత్త వెర్షన్‌లో తెరిచిన ప్రాజెక్టు మళ్లీ పాత వెర్షన్‌లో తెరుచుకోదు.

కంప్యూటర్ సంగతి కూడా చెప్పాలి. రిజాల్వ్‌కు 16 జీబీ ర్యామ్, విడిగా ఒక గ్రాఫిక్స్ కార్డు ఉంటే హాయిగా నడుస్తుంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఇది ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. అలాంటప్పుడు కేడెన్‌లైవ్ గానీ షాట్‌కట్ గానీ వేసుకోండి. రెండూ ఉచితం, తేలిక. మెనూల పేర్లు మారతాయి గానీ కింద చెప్పిన వరస వాటికీ పనికొస్తుంది.

పుస్తకం ఎక్కడ పెట్టుకోవాలి

చిన్న విషయంలాగే ఉంటుంది గానీ చాలామంది మానేసేది ఇక్కడే. రిజాల్వ్ స్క్రీన్ మొత్తాన్నీ ఆక్రమిస్తుంది. ఒకే స్క్రీన్ మీద పీడీఎఫ్, సాఫ్ట్‌వేర్ రెండూ తెరిచి అటూ ఇటూ మారుతుంటే నాలుగో స్టెప్‌కు వచ్చేసరికి మూడోది మర్చిపోతాం. పుస్తకాన్ని ట్యాబ్‌లో తెరిచి పక్కన నిలబెట్టుకోండి. ట్యాబ్ లేకపోతే ఆ వారం చేయబోయే పాఠం వరకు జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోండి. మొత్తం పుస్తకం ప్రింట్ తీయించడం డబ్బు దండగ. కాగితం మీద పెన్సిల్‌తో గీసుకోవచ్చన్నది అదనపు లాభం.

ఒక నోట్‌బుక్ కూడా కావాలి. అందులో షార్ట్‌కట్‌లను పుస్తకంలో ఉన్నట్టు కాకుండా మీ అవసరాన్ని ముందు పెట్టి రాసుకోండి. ‘మధ్యలో ముక్క తీసేసి ఖాళీ మూసుకుపోవాలంటే: డిలీట్. ఖాళీ అలాగే ఉండాలంటే: బ్యాక్‌స్పేస్.’ ‘ప్లేహెడ్ ఉన్నచోట రెండు ముక్కలు చేయాలంటే: కంట్రోల్ బి.’ (ప్లేహెడ్ అంటే, క్లిప్పులను వరసగా పేర్చే టైమ్‌లైన్ మీద ఇప్పుడు ఎక్కడున్నామో చూపే నిలువు గీత.) పని చేసేటప్పుడు మనకు ముందు గుర్తొచ్చేది అవసరమే, కమాండ్ పేరు కాదు. నోట్సు కూడా అలాగే ఉంటే వెంటనే దొరుకుతుంది.

ఒక పాఠం చేసే పద్ధతి

ముందు మౌస్ ముట్టుకోకుండా పాఠం మొత్తం చదవండి. చివరికి ఏం తయారవుతుందో తెలిస్తే మధ్యలో చేసే ప్రతి పనికీ కారణం కనిపిస్తుంది. తర్వాత లెసన్ ఫైళ్లతో స్టెప్ తర్వాత స్టెప్ చేయండి. స్క్రీన్ మీద పుస్తకంలో ఉన్నట్టు రాకపోతే ముందుకు వెళ్లొద్దు. చాలాసార్లు కారణం చిన్నదే. రిజాల్వ్ స్క్రీన్‌లో ఒక్కో రకం పనికి ఒక్కో పేజీ ఉంటుంది. పుస్తకం చెప్పేది ఎడిట్ పేజీ గురించైతే మీరు కట్ పేజీలో ఉంటారు, లేదా క్లిప్ సెలెక్ట్ అయి ఉండదు. అయినా దొరక్కపోతే కంట్రోల్ జడ్ నొక్కుతూ వెనక్కి వచ్చి, ఆ స్టెప్ మళ్లీ చదవండి.

పాఠం అయ్యాక పుస్తకం మూసేసి అదే పని గుర్తున్నంత మేరకు మళ్లీ చేయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ పుస్తకంలో ఒక గీత పెట్టుకోండి. మీకు రానిది అదే. పాఠం చివర ప్రశ్నలుంటాయి, వాటిని దాటేయకండి. పుస్తకం పూర్తయ్యాక కంపెనీ పెట్టే ఆన్‌లైన్ పరీక్ష కూడా ఉంది. ఇంటి వీడియోలకు ఆ సర్టిఫికెట్‌తో పనిలేదు గానీ ప్రశ్నలు మాత్రం మంచివి.

ఇక అదే వారంలో మీ క్లిప్పులతో చేయడం. లెసన్ ఫైళ్లు మంచి కెమెరాలతో, మంచి వెలుగులో, శుభ్రమైన ధ్వనితో తీసినవి. మీ ఫోన్ వీడియోలో ఫ్యాన్ మోత ఉంటుంది, మధ్యలో ఎవరో అడ్డొస్తారు, సగం క్లిప్పులు నిలువుగా ఉంటాయి. ఈ చిక్కులన్నీ పుస్తకంలో కనపడవు. అందుకే రెండోసారి చేయడం తప్పనిసరి.

పాఠాల క్రమంలో ఒక్క మార్పు చెబుతాను. ఎక్స్‌పోర్ట్ చేసే డెలివర్ పేజీ గురించి పుస్తకంలో ఎప్పుడొచ్చినా మీరు మాత్రం మొదటి వారంలోనే ఆ భాగం చదివి, నాలుగు క్లిప్పులు కలిపిన ఒక నిమిషం వీడియోను బయటికి తీసి, టీవీలో వేసి చూడండి. దారి చివరిదాకా ఒకసారి నడిచి వస్తే మిగతా పాఠాల మీద నమ్మకం కుదురుతుంది. స్పెషల్ ఎఫెక్టుల కోసం ఉన్న ఫ్యూజన్ పేజీని మాత్రం అన్నిటికంటే చివర పెట్టండి. ఇంటి వీడియోలకు అది లేకుండా ఏళ్ల తరబడి గడిచిపోతుంది.

టైమ్‌లైన్ మీదికి వెళ్లకముందు

ఫుటేజ్ కంప్యూటర్లోకి తెచ్చేటప్పుడు కేబుల్‌తో కాపీ చేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో బాగా కుదించుకుపోయి వస్తుంది, దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. బావగారి ఫోన్లో ఉన్న వీడియో కావాలంటే ‘డాక్యుమెంట్‌గా పంపండి బావగారూ’ అని అడగండి. 2 జీబీ దాకా ఫైలు ఉన్నదున్నట్టుగా వస్తుంది.

ఒక్కో వేడుకకు ఒక్కో ఫోల్డర్ చేసి, అందులో వీడియోలు, ఆడియో, ఫొటోలు, టైటిళ్లు అని విడివిడిగా పెట్టండి. ఆ ఫోల్డర్‌ను ప్రాజెక్టు మొదలుపెట్టాక ఇంకోచోటికి మార్చొద్దు. రిజాల్వ్ మీ వీడియోలను తనలోకి కాపీ చేసుకోదు, ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుంటుందంతే. చోటు మారిస్తే క్లిప్పులన్నీ ఎర్రగా మారి మీడియా ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. అలా జరిగితే భయపడాల్సిన పని లేదు. మీడియా పూల్‌లో (ప్రాజెక్టులోకి తెచ్చిన క్లిప్పులన్నీ కనిపించే చోటు) ఆ క్లిప్పులు సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ చేసి, రీలింక్ నొక్కి కొత్త ఫోల్డర్ చూపిస్తే ఎక్కడివక్కడ సర్దుకుంటాయి.

తర్వాతది ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలన్నది. దీన్ని శ్రద్ధగా చదవండి, ఎందుకంటే టైమ్‌లైన్ మీద క్లిప్ పెట్టాక ఆ టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ మార్చడం కుదరదు. కొత్త ప్రాజెక్టు మొదట సెకనుకు 24 ఫ్రేములతో తెరుచుకుంటుంది. మన ఫోన్లు మామూలుగా 30తో తీస్తాయి. పెళ్లికి పెట్టుకున్న వీడియోగ్రాఫర్ కెమెరా చాలావరకు 25లో ఉంటుంది. కరెంటు 50 హెర్ట్జ్ ఉండే మన దేశంలో టీవీ ప్రసారాలు మొదటినుంచీ 25 మీదే నడిచాయి కాబట్టి ఇక్కడి కెమెరావాళ్లకు అదే అలవాటు. రెండు రకాలూ కలిసినప్పుడు ఏది ఎక్కువుందో దాన్నే టైమ్‌లైన్‌కు పెట్టండి. షిఫ్ట్ 9 నొక్కితే ప్రాజెక్ట్ సెట్టింగ్స్ వస్తాయి. మొదటి పేజీలోనే టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ ఉంటుంది. మొదటి క్లిప్ వేసేటప్పుడు ‘క్లిప్‌కు తగ్గట్టు ప్రాజెక్టును మార్చమంటారా’ అని సాఫ్ట్‌వేరే అడిగితే కంగారుగా సరే అనకుండా ఒక్క క్షణం ఆలోచించి చెప్పండి.

ఫోన్ల దగ్గర ఇంకో చిక్కుంది. వెలుగు తగ్గినప్పుడు ఫోన్ తనంతట తానే ఫ్రేమ్ రేట్ తగ్గిస్తుంది. ఒకే క్లిప్‌లో కాసేపు 30, కాసేపు అంతకంటే తక్కువ. అలాంటి క్లిప్ పొడుగ్గా ఉంటే ఎడిటింగ్‌లో మాటకూ పెదవులకూ తేడా రావచ్చు. అలా వచ్చిన ఫైళ్లను ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వీడియో ట్యాబ్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చుకుంటే సమస్య పోతుంది. ఫోన్లో హెచ్‌డీఆర్ వీడియో (వెలుగునీడల తేడాను ఎక్కువగా పట్టే పద్ధతి) ఆన్‌లో ఉంటే ఇకపై తీసేవాటికి ఆపేయండి. లేదంటే రిజాల్వ్‌లో ముఖాలు తెల్లగా పేలిపోయినట్టు కనిపించి, వాటిని సరిచేయడానికే ఒక పాఠం కావాలి.

ప్లే చేస్తుంటే ఆగి ఆగి వస్తోందా? ప్లేబ్యాక్ మెనూలో టైమ్‌లైన్ ప్రాక్సీ (కొత్త వెర్షన్లలో టైమ్‌లైన్ ప్లేబ్యాక్ రిజల్యూషన్) అనే చోట హాఫ్ గానీ క్వార్టర్ గానీ ఎంచుకోండి. చూడటానికి మాత్రమే నాణ్యత తగ్గుతుంది, ఎక్స్‌పోర్ట్ పూర్తి నాణ్యతతోనే వస్తుంది.

ఎడిటింగ్ అసలు పని: ఒక అన్నప్రాశన క్లిప్ దగ్గరగా

పుస్తకంలో ఎడిట్ పేజీ పాఠాల్లో ఎన్ని కమాండ్లున్నా ఇంటి వీడియోకు రోజూ కావలసినవి కొన్నే. జె, కె, ఎల్ మూడు మీటలూ వెనక్కి, ఆపు, ముందుకు. ఎల్ రెండుసార్లు నొక్కితే రెట్టింపు వేగం. ఐ నొక్కితే ముక్క మొదలు, ఓ నొక్కితే చివర. ఎఫ్9 నొక్కితే ఆ ముక్క టైమ్‌లైన్‌లోకి దూరి మిగతావాటిని పక్కకు జరుపుతుంది. ఎఫ్10 నొక్కితే అక్కడున్నదాని మీద పడుతుంది. మౌస్‌తో లాగడం మానేసి ఈ మీటల మీదికి ఎంత త్వరగా వస్తే అంత మంచిది. రెండు గంటల ఫుటేజ్‌లో ముక్కలు ఏరడానికి మౌస్ పట్టుకుంటే చేయి నొప్పే మిగులుతుంది.

ఇప్పుడు ఒక క్లిప్ తీసుకుందాం. అన్నప్రాశనలో పాప ముందు పళ్లెంలో పుస్తకం, కలం, డబ్బులు, బంగారు గొలుసు, కత్తి పెట్టారు. ఏది పట్టుకుంటుందా అని అందరూ చుట్టూ మూగారు. క్లిప్ ఆరు నిమిషాలుంది. అందులో నాలుగున్నర నిమిషాలు పాపను కూర్చోబెట్టడం, పళ్లెం జరపడం, ‘ఇటు చూడవే బంగారం’ అని పిలవడం. కొత్తవాళ్లు పాప కలం పట్టుకున్న పది సెకన్లు ఉంచి మిగతాది తీసేస్తారు. అలా చేస్తే ఆ ఘట్టంలో ఉన్న ఉత్కంఠ మొత్తం పోతుంది.

క్లిప్‌ను నెమ్మదిగా చూడండి. పాప ముందు గొలుసు వైపు చేయి చాపింది. నాయనమ్మ ‘అబ్బో!’ అంది. చేయి మధ్యలో ఆగింది. పాప అమ్మ ముఖంలోకి చూసింది. తర్వాత కలం మీద చేయి వేసింది, అందరూ ఒక్కసారి అరిచారు. మీకు కావలసినవి ఈ ఐదు ఘట్టాలూ. ముక్క మొదలు (ఐ) చేయి కదలడానికి ఒక అర సెకను ముందు పెట్టండి. చేయి కదులుతుండగా కట్ పడితే చూసేవాళ్లకు తామేదో పోగొట్టుకున్నట్టు అనిపిస్తుంది. పాప అమ్మను చూసే చోట అసలు కట్ చేయకండి, ఆ రెండు మూడు సెకన్ల నిశ్శబ్దమే ఈ వీడియోకు ప్రాణం. ముక్క చివర (ఓ) అరుపులు అయిపోయి నవ్వులు మొదలయ్యాక పెట్టండి.

అప్పుడు ట్రిమ్మింగ్ పాఠానికి వెళ్లండి. కట్ ఉన్న అంచును సెలెక్ట్ చేసి, కామా నొక్కితే ఒక ఫ్రేమ్ వెనక్కి, ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక ఫ్రేమ్ ముందుకు జరుగుతుంది. సెకనులో ముప్పయ్యో వంతు అన్నమాట. ఐదారు ఫ్రేములు అటూ ఇటూ జరిపి ప్రతిసారీ వేసి చూడండి. తేడా కంటికి తెలుస్తుంది. పుస్తకం మీటలు చూపించగలదు. ఎక్కడ ఆపాలన్న నిర్ణయం ఇలా మీ క్లిప్ మీద చేతులు పెట్టి చేస్తేనే అలవాటవుతుంది.

పెళ్లి వీడియోలో ఇంకో ముఖ్యమైన పాఠం పనికొస్తుంది. మాంగల్యధారణకు ముందు గట్టిమేళం మోగుతుంది. వధూవరుల తల్లిదండ్రులు ఎదురుచూస్తున్న షాట్ తర్వాత మంగళసూత్రం కట్టే షాట్ ఉందనుకోండి. బొమ్మ, ధ్వని రెండూ ఒకేచోట కట్ అయితే మేళం హఠాత్తుగా మీద పడుతుంది. అలా కాకుండా తల్లిదండ్రుల ముఖాలు తెర మీద ఉండగానే మేళం మొదలై, ఒకటి రెండు సెకన్ల తర్వాత బొమ్మ మారితే చూసేవాళ్లకు గుండె ఝల్లుమంటుంది. ఎడిటర్లు దీన్ని జె కట్ అంటారు. చేయడం తేలికే. ఆల్ట్ మీట పట్టుకుని రెండు క్లిప్పులు కలిసేచోట ఆడియో అంచు మీద మాత్రమే క్లిక్ చేసి ఎడమవైపు లాగండి. వీడియో కట్ కదలదు, ధ్వని ముందుకు వస్తుంది. దీనికి ఒక షరతుంది. రెండో క్లిప్‌లో మీరు వాడుకున్న భాగానికి ముందు కూడా కాస్త రికార్డింగ్ ఉండాలి. అందుకే తీసేటప్పుడు ఘట్టానికి కొంచెం ముందే రికార్డు నొక్కడం అలవాటు చేసుకోవాలి.

ట్రాన్సిషన్ల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గిరగిరా తిరిగే పేజీలు, గుండె ఆకారంలో తెరుచుకునే తెరలు వద్దు. ఒక రోజు నుంచి ఇంకో రోజుకు, పెళ్లి నుంచి రిసెప్షన్‌కు మారేచోట కంట్రోల్ టితో వచ్చే మామూలు క్రాస్ డిజాల్వ్ చాలు. మిగతా అంతటా నేరుగా కట్.

ధ్వని

బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా ఇంట్లోవాళ్లు చూస్తారు. మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు. తాతగారు ఆశీర్వదిస్తూ అన్న నాలుగు మాటలు పదేళ్ల తర్వాత మీకు ఎంత విలువైనవో ఆలోచించండి. ధ్వని సరిచేసే ఫెయిర్‌లైట్ పేజీ పాఠంలో ముందు నేర్చుకోవలసింది మీటర్ చదవడం. మాటలు మైనస్ 12 డెసిబెల్స్ చుట్టూ ఉండేట్టు చూసుకోండి, మీటర్ సున్నాను తాకకూడదు. ఒక్కో క్లిప్ ఒక్కోలా వినిపిస్తుంటే వాటన్నిటినీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో నార్మలైజ్ ఆడియో లెవెల్స్ నొక్కితే దగ్గర దగ్గరగా వస్తాయి. వెనక సంగీతం పెడితే మాటలున్నచోట దాన్ని బాగా దించేయండి. మేళం పక్కనే నిలబడి తీసినప్పుడు పగిలిపోయిన ధ్వనిని మాత్రం ఎవరూ అతికించలేరు. అక్కడ దూరంగా ఉన్న ఇంకొకరి ఫోన్ రికార్డింగ్ వాడుకోండి. రెండు ఫోన్ల రికార్డింగులను ఒకదానితో ఒకటి కలపడానికి టైమ్‌లైన్‌లో రెండింటినీ వేర్వేరు ట్రాక్‌ల మీద పెట్టి, రెండూ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో ఆటో అలైన్ క్లిప్స్ దగ్గర వేవ్‌ఫామ్ ఆధారంగా అన్నది ఎంచుకుంటే సాఫ్ట్‌వేరే సరిపోలుస్తుంది.

సినిమా పాటల విషయంలో జాగ్రత్త. యూట్యూబ్‌లో పెడితే కంటెంట్ ఐడీ అనే దాని తనిఖీ ఏర్పాటు ఆ పాటను గుర్తుపడుతుంది. వీడియో ఆగిపోవచ్చు, లేదా దాని మీద వచ్చే ప్రకటనల డబ్బు పాట హక్కుదారులకు వెళ్లవచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా వాడుకోదగిన సంగీతం ఉంది. నన్నడిగితే సన్నాయి, పిల్లల గోల, వంటపాత్రల చప్పుడు అలాగే ఉంచితే అంతకు మించిన నేపథ్య సంగీతం అక్కర్లేదు.

రంగులు

ఈ సాఫ్ట్‌వేర్ పేరు మోగిందే రంగుల వల్ల. కానీ ఇంటి వీడియోకు మొదటి రెండు పాఠాలు చాలు. ఫంక్షన్ హాల్లో ఊదా రంగు ఎల్‌ఈడీ లైట్ల కింద ముఖాలు వింతగా ఉంటాయి. సరిచేసేటప్పుడు గోడలను కాదు, ముఖాలను చూడండి. పసుపు పసుపులాగా, కుంకుమ కుంకుమలాగా, తెల్ల పంచె తెల్లగా ఉన్నాయా అన్నదే పరీక్ష. ఒక క్లిప్ కుదిరాక, అదే వెలుగులో తీసిన ఇంకో క్లిప్‌ను సెలెక్ట్ చేసి, సరిచేసిన క్లిప్ బొమ్మ మీద మౌస్ మధ్య బటన్ నొక్కితే రంగులు దానికీ వస్తాయి.

తెలుగు టైటిళ్లు

ఈ భాగం ఇంగ్లిష్ గైడ్‌లో దొరకదు. వీడియో సాఫ్ట్‌వేర్‌లలో ఒత్తులు, గుణింతాలు కొన్నిసార్లు చెదిరిపోతాయి. ముందుగా టైటిల్‌లో ‘శ్రీ లక్ష్మీ’, ‘స్త్రీ’, ‘శుభాకాంక్షలు’ అని టైపు చేసి చూడండి. ఒత్తు పక్కకు వచ్చి నిలబడినా, ర వత్తు విడిపోయినా ఆ ఫాంట్ మార్చండి. అయినా కుదరకపోతే వేరే దారి ఉంది. ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అక్షరాలు సరిగ్గా వస్తాయి. అక్కడ 1920, 1080 పిక్సెళ్ల కొలతతో టైటిల్ తయారుచేసి, బ్యాక్‌గ్రౌండ్ లేకుండా పీఎన్‌జీగా దాచి, రిజాల్వ్‌లో వీడియో పై ట్రాక్‌లో పెట్టండి. కింద వీడియో ఆడుతుంది, పైన అక్షరాలు నిలబడతాయి.

ఫాంట్ల కోసం ఫొటో స్టూడియో దగ్గర అను ఫాంట్లు అడగాల్సిన అవసరం లేదు. అవి యూనికోడ్ కావు, ఫోన్లో టైపు చేసి తెచ్చిన తెలుగు వాటిలో పనిచేయదు. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్, గిడుగు, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పేర్లకు రామభద్ర లాంటి లావు అక్షరాలు టీవీలో దూరం నుంచి కూడా కనిపిస్తాయి. తేదీలకు, ఊరి పేర్లకు మండలి బాగుంటుంది. పెద్దవాళ్లు చదివి పూర్తిచేసేదాకా టైటిల్ ఉంచండి. మీరు గొంతెత్తి నిదానంగా రెండుసార్లు చదవండి, అంతసేపు సరిపోతుంది.

పుస్తకంలో లేనిది కావలసి వచ్చినప్పుడు

పాఠ్యపుస్తకం వేరు, రిఫరెన్స్ మాన్యువల్ వేరు. రెండోది హెల్ప్ మెనూలోనే ఉంటుంది, వేల పేజీల గ్రంథం. దాన్ని చదవకూడదు, వెతకాలి. వెతకడానికి సరైన పేరు కావాలి కదా. బటన్ మీద మౌస్ కాసేపు కదలకుండా ఉంచితే దాని పేరు కనిపిస్తుంది. ఆ పేరును కంట్రోల్ ఎఫ్‌తో మాన్యువల్‌లో వెతకండి. పేరు దొరికాక, అప్పటికీ అర్థం కాకపోతే అదే పేరుతో యూట్యూబ్‌లో వెతకండి. ఇప్పుడు యూట్యూబ్ నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే ఏం అడగాలో మీకు తెలుసు.

బయటికి తీయడం, దాచడం

డెలివర్ పేజీలో ఫార్మాట్ ఎంపీ4, కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) హెచ్.264 పెట్టండి. హెచ్.265తో ఫైలు చిన్నదవుతుంది గానీ హాల్లో ఉన్న పాత టీవీ దాన్ని ఆడించకపోవచ్చు. ఫుల్ హెచ్‌డీకి క్వాలిటీ దగ్గర రిస్ట్రిక్ట్ టూ ఎంచుకుని సెకనుకు 10,000 కిలోబిట్లు ఇస్తే ఇంటి టీవీకి చక్కగా ఉంటుంది. లెక్క కూడా తేలిక. నిమిషానికి సుమారు 75 ఎంబీ, ఇరవై నిమిషాల వీడియో ఒకటిన్నర జీబీ. పాత పెన్‌డ్రైవ్‌లు ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు వాటిలోకి ఎక్కదు. పెళ్లి వీడియో గంట ఉంటే సుమారు నాలుగున్నర జీబీ అవుతుంది కాబట్టి రెండు భాగాలుగా తీయండి, లేదా టీవీ ఒప్పుకుంటే పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. యాడ్ టు రెండర్ క్యూ నొక్కి, తర్వాత రెండర్ ఆల్ నొక్కండి. వచ్చిన ఫైలును ఎవరికీ పంపకముందు మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూడండి. టైమ్‌లైన్‌లో కంటికి ఆనని ఒక్క నల్ల ఫ్రేమ్ టీవీలో టపీమని మెరుస్తుంది.

చివరగా దాచే విషయం. రిజాల్వ్ ప్రాజెక్టు మీ వీడియో ఫోల్డర్‌లో ఉండదు, సాఫ్ట్‌వేర్ తన సొంత లైబ్రరీలో పెట్టుకుంటుంది. ఫోల్డర్‌ను హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయిస్తే వీడియోలు మిగులుతాయి, ఎడిటింగ్ మొత్తం పోతుంది. అందుకని పని పూర్తయిన రోజే ప్రాజెక్ట్ మేనేజర్ తెరిచి, ప్రాజెక్టు మీద రైట్ క్లిక్ చేసి, ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్ ఆర్కైవ్ ఎంచుకోండి. ఎడిటింగూ, వాడిన వీడియోలూ కలిపి ఒకేచోట పెడుతుంది. దాన్ని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ, వేరే ఇంట్లో ఉన్న అన్నయ్య దగ్గరో చెల్లెలి దగ్గరో ఇంకో కాపీ ఉంచండి. కాపీ అయ్యాక రీస్టోర్ ప్రాజెక్ట్ ఆర్కైవ్‌తో దాన్ని ఒకసారి తెరిచి, క్లిప్పులన్నీ ఆడుతున్నాయని చూసుకున్నాకే ఫోన్లోని అసలు వీడియోలు తీసేయండి.